ఎన్ని మార్కుల్లో పోయింది? మళ్లీ మళ్లీ తప్పుతున్న ఎన్‌క్లెక్స్ లెక్క

ఎన్‌క్లెక్స్ రెండోసారో మూడోసారో పోయిందని చెప్పగానే ఇంట్లో వినబడే మొదటి ప్రశ్న ఒకటే: "ఎన్ని మార్కుల్లో పోయిందమ్మా?" టెన్త్ నుంచి బీఎస్సీ నర్సింగ్ దాకా మార్కుల జాబితాలు చూస్తూ వచ్చిన ఇల్లు అది. రెండు మార్కుల్లో తప్పితే ఒక రకం బాధ, ముప్ఫై మార్కుల్లో తప్పితే ఇంకో రకం బాధ. రీకౌంటింగ్ పెట్టించడం కూడా తెలుసు. ఈ పరీక్షకు మార్కులే ఉండవు, పాసైనవాళ్లకు కూడా ఎంత వచ్చిందో చెప్పరు అంటే, పిల్ల ఏదో దాస్తోందనుకుంటారు. నిజానికి ఆ పిల్లకూ తెలియదు. ఎందుకు పోయిందో తెలియకుండానే మళ్లీ ఫీజు కట్టి, అవే పుస్తకాలు తీసి, మొదటి పేజీ నుంచి మొదలుపెడుతుంది. కోనసీమలోనూ భీమవరం, కాకినాడ వైపూ ఈ పరీక్షకు చదివే స్టాఫ్ నర్సుల ఇళ్లలో తరచూ నడిచే కథ ఇదే.

ఇది అమెరికాలో రిజిస్టర్డ్ నర్సుగా పనిచేయడానికి రాయాల్సిన లైసెన్సు పరీక్ష. అక్కడి రాష్ట్రాల నర్సింగ్ బోర్డులన్నీ కలిసిన నేషనల్ కౌన్సిల్ దీన్ని తయారు చేస్తుంది. మనవాళ్లు హైదరాబాద్, చెన్నై, బెంగళూరు లాంటి నగరాల్లో, ఈ పరీక్ష నిర్వహించే పియర్సన్ వ్యూ కంపెనీ కేంద్రాలకు వెళ్లి రాస్తారు. ఫలితాల తీరు చూస్తే, తప్పడం అరుదైన సంగతేమీ కాదు. 2023లో అమెరికాలోనే చదివి మొదటిసారి రాసినవాళ్లలో 88 శాతానికి పైగా గట్టెక్కారు. బయటి దేశాల్లో చదివి మొదటిసారి రాసేవాళ్ల సంగతి సగానికి అటూ ఇటూగా ఉంటుంది. వాళ్లలో రెండోసారి, మూడోసారి రాసేవాళ్లు పాసయ్యే శాతం ఇంకా కిందకు పోతుంది.

ఆఖరి మాట దగ్గర ఆగాలి. రెండోసారి రాసే మనిషికి పరీక్ష హాలు కొత్త కాదు, ప్రశ్నల తీరూ కొత్త కాదు. అయినా పాసయ్యే అవకాశం ఎందుకు తగ్గుతుంది? చదువు ముగిసి ఏళ్లు గడిచేకొద్దీ పట్టు సడలుతుందన్నది ఒక కారణం. దానికన్నా పెద్ద కారణం ఇంకోటి ఉంది. తప్పినవాళ్లలో చాలామంది ఇంకా ఎక్కువ చదువుతారు కానీ చదివే పద్ధతి మార్చరు. పద్ధతిలో తేడా ఎక్కడుందో తెలియాలంటే ముందు ఈ పరీక్ష దేన్ని కొలుస్తుందో తెలియాలి.

ధవళేశ్వరం దగ్గర స్కేలు

డెల్టాలో పుట్టినవాళ్లకు దీన్ని చెప్పడం ఒక రకంగా తేలిక. వరద రోజుల్లో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంక గ్రామాల్లో చదువు రానివాళ్లకు కూడా ఈ అంకెలు నోటికి వస్తాయి. నది 9 అడుగుల దగ్గరుంటే రెండో హెచ్చరిక గురించి ఎవరూ కంగారుపడరు. 16 దాటాక రెండో హెచ్చరిక ఉందా లేదా అని ఎవరూ అడగరు. 13.70కీ 13.80కీ మధ్య ఊగుతున్నప్పుడే గంటగంటకూ స్కేలు చూడాలి.

ఎన్‌క్లెక్స్ కంప్యూటరు చేసే పని అచ్చం ఇదే. పాస్ గీత ఒకటే ఉంటుంది. జవాబు సరైతే తర్వాతి ప్రశ్న కొంచెం కష్టంగా వస్తుంది, తప్పైతే కొంచెం తేలికగా. ప్రతి జవాబు తర్వాత "ఈ మనిషి ఏ మట్టంలో ఉంది?" అని యంత్రం మళ్లీ లెక్క కడుతుంది. గీతకు పైన ఉందనో కింద ఉందనో 95 శాతం నమ్మకం కుదరగానే పరీక్ష ఆగిపోతుంది. తక్కువలో తక్కువ 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150, సమయం అయిదు గంటలు. ఆ 85లో 15 ప్రశ్నలు కొత్త ప్రశ్నలను పరీక్షించుకోవడానికి పెట్టినవి, లెక్కలోకి రావు. ఏవి ఆ పదిహేనో మనకు తెలియదు. 150 దాకా వెళ్లినా నమ్మకం కుదరకపోతే, ఆఖరి లెక్కలో గీతకు ఏ వైపు తేలితే అదే ఫలితం. 85 కూడా పూర్తికాకుండా సమయం అయిపోతే మాత్రం పరీక్ష పోయినట్టే. (వరదలో గీత దాటితే భయం, ఇక్కడ దాటకపోతే భయం. పోలికలో తేడా అంతే.)

ఇది అర్థమైతే హాలు బయట వినబడే చాలా మాటలకు విలువ లేదని తెలుస్తుంది. "85కే ఆగిపోయింది, పోయినట్టే" అంటారు. 85కు ఆగడమంటే యంత్రానికి సందేహం తీరిందని అర్థం. పైనున్నా తీరుతుంది, కిందున్నా తీరుతుంది. "150 దాకా లాగింది, నా వల్ల కాదు" అంటారు. 150 దాకా వెళ్లి తప్పినవాళ్లు సాధారణంగా గీతకు బాగా దగ్గర్లో ఉన్నవాళ్లు. "సగం ప్రశ్నలు తెలియనే లేదు" అని ఏడుస్తారు. యంత్రం ఎవరికైనా సగం పోయేలాంటి ప్రశ్నలే వెతికి వేస్తుంది. పాసైనవాళ్లకూ, తప్పినవాళ్లకూ సరైన జవాబులు దాదాపు సగం చొప్పునే ఉంటాయి. తేడా అంతా ఏ మట్టంలో సగం అన్నదే. అందుకే "ఎన్ని మార్కుల్లో" అన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు లేదు.

ఫలితం తేలేలోపు ఇంకో తంతు నడుస్తుంది. పరీక్ష రాసిన రాత్రే మళ్లీ రిజిస్టర్ చేయబోయి, సైటు డబ్బు తీసుకుంటే ఫెయిల్, వద్దంటే పాస్ అని తేల్చుకోవడం. నిర్వాహకులే దాన్ని నమ్మొద్దంటారు. ఆ రాత్రి పడుకుంటే నయం.

వార్డు నేర్పింది, పరీక్ష అడిగేది

మన దగ్గర బీఎస్సీ నర్సింగో, జీఎన్ఎమ్ అనే నర్సింగ్ డిప్లొమానో పాసైతే రాష్ట్ర కౌన్సిల్లో పేరు నమోదవుతుంది. దానికి వేరే లైసెన్సు పరీక్ష లేదు. అంటే గోదావరి జిల్లాల నర్సుకు జీవితంలో మొట్టమొదటి లైసెన్సు పరీక్ష పరాయి దేశానిదే అవుతోంది. అప్పటిదాకా రాసినవన్నీ యూనివర్సిటీ పరీక్షలు: నిర్వచనం రాయి, కారణాలు రాయి, లక్షణాలు రాయి, నర్సింగ్ మేనేజ్‌మెంట్ రాయి. హార్ట్ ఫెయిల్యూర్ మీద పది పేజీలు ఆగకుండా రాయగల అమ్మాయి, "ఈ నలుగురు పేషెంట్లలో ముందు ఎవరి దగ్గరకు వెళ్తావు?" అంటే చిక్కుకుపోతుంది. తెలివి తక్కువై కాదు. ఆ ప్రశ్న ఆమెను ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

దగ్గరగా ఒక ప్రశ్న చూద్దాం. తుంటి కీలు మార్పిడి ఆపరేషన్ అయి రెండు రోజులైన పేషెంటుకు ఉన్నట్టుండి ఆయాసం మొదలైంది. రక్తంలో ఆక్సిజన్ శాతం (శాచురేషన్) 86కు పడిపోయింది. నర్సు మొదట ఏం చేయాలి? డాక్టరుకు ఫోన్ చేయాలా, మంచం తలవైపు ఎత్తి ఆక్సిజన్ పెట్టాలా, పేషెంటుకు ధైర్యం చెప్పాలా, ఈసీజీ తీయాలా?

మన నర్సుల్లో చాలామంది వేలు మొదటిదాని మీదకే పోతుంది. చిన్న నర్సింగ్ హోముల్లో పనిచేసినవాళ్లకు ఆ అలవాటు ఎలా వస్తుందో చెప్పనక్కర్లేదు. "నాకు చెప్పకుండా ఎవరు పెట్టమన్నారు?" అన్న అరుపు ఒక్కసారి వింటే చాలు. పరీక్షకు కావలసింది రెండోది. ఊపిరి ఆడని మనిషికి నర్సు తన చేతుల్లో ఉన్నది ముందు చేయాలి, ఆ తర్వాత ఫోను. తమాషా ఏమిటంటే, అదే నర్సు నిజంగా రాత్రి డ్యూటీలో ఉంటే ఒక చేత్తో మంచం ఎత్తుతూ, ఇంకో చేత్తో మాస్క్ పెడుతూ "డాక్టర్‌గారిని పిలవండి" అని ఆయాకు కేకేస్తుంది. చేతులకు తెలుసు. పరీక్షలో మాత్రం, తాను చేసే పని వదిలేసి, పెద్దవాళ్లకు చెప్పాల్సిన జవాబు టిక్ చేస్తుంది.

దీనికి విరుగుడుగా కొన్ని కోచింగుల్లో "డాక్టరుకు ఫోన్ చేయడమన్న ఆప్షన్ ఎప్పుడూ పెట్టొద్దు" అని నేర్పుతారు. ఇది ఇంకా ప్రమాదం. రక్తం ఎక్కిస్తుండగా చలి, నడుము నొప్పి మొదలయ్యాయి; నర్సు ఎక్కించడం ఆపేసింది, కొత్త సెట్‌తో సెలైన్ పెట్టింది, నాడి, బీపీ లాంటి వైటల్స్ చూసింది; తర్వాత ఏమిటి అంటే డాక్టరుకు చెప్పడమే. నర్సు చేయగలిగింది అయిపోయిందా లేదా అన్నదే ప్రశ్న. సూత్రం బట్టీ పట్టినవాళ్లు రెండో అటెంప్ట్‌లో మొదటి తప్పు వదిలి, దానికి ఎదురు తప్పు చేస్తారు.

పని అప్పగించే ప్రశ్నలు ఇంకో చిక్కు. అమెరికా వార్డులో రిజిస్టర్డ్ నర్సు, ప్రాక్టికల్ నర్సు, నర్సింగ్ అసిస్టెంటు అని మెట్లుంటాయి. ఎవరు ఏం చేయొచ్చో గీతలు గట్టిగా ఉంటాయి. మన వార్డులో బీఎస్సీ అమ్మాయీ, జీఎన్ఎమ్ అమ్మాయీ అదే పని చేస్తారు. స్నానం, తిండి, పక్క మార్చడం పేషెంటు వెంట వచ్చిన అక్కో, కోడలో చూసుకుంటుంది. ఇలాంటి చోటు నుంచి వచ్చినవాళ్లు "అసిస్టెంటుకు ఏ పేషెంటును ఇస్తావు?" అన్నదాన్ని ఊహతో చెప్పలేరు. పరాయి ఊరి చట్టం నేర్చుకున్నట్టు నేర్చుకోవాలి: అంచనా వేయడం, నేర్పడం, ఫలితం చూసి నిర్ణయించడం అసిస్టెంటు చేతికి పోవు, స్థిమితంగా ఉన్న పేషెంటుకు తిండి పెట్టడం, నడిపించడం, రోజూ తీసే వైటల్స్ పోతాయి. పరీక్షలో ఏ విభాగానికి ఎంత వాటానో చెప్పే టెస్ట్ ప్లాన్‌లో అన్నిటికన్నా పెద్ద వాటా ఈ అప్పగింతలు, ప్రాధాన్యాలు, హక్కులు ఉండే విభాగానిదే: 2023 ప్లాన్ ప్రకారం 15 నుంచి 21 శాతం. తర్వాతిది మందుల విభాగం, 13 నుంచి 19. మనవాళ్లు నెలల తరబడి తిప్పేది మాత్రం జబ్బుల నోట్సు.

హక్కుల సంగతి మరీ లోతుగా నాటుకుని ఉంటుంది. క్యాన్సరని తేలితే "నాన్నకు చెప్పకండి సిస్టర్, తట్టుకోలేడు" అని కొడుకు వరండాలోకి పిలిచి అడుగుతాడు. సిస్టర్ సరేనంటుంది. మనకది దయ. పరీక్షలో అది తప్పు జవాబు. తన జబ్బు తెలుసుకునే హక్కు పేషెంటుది, ఎవరికి చెప్పాలో తేల్చేదీ అతనే. ఇందులో ఏది గొప్ప పద్ధతి అన్న వాదన వేరే రోజు పెట్టుకోవచ్చు. పరీక్ష ఏ నేల మీద నిలబడి అడుగుతోందో గుర్తుపడితే చాలు.

మందుల పేర్లు చిన్న విషయంలా కనిపిస్తాయి కానీ సమయం తినేస్తాయి. మన పారాసిటమాల్ అక్కడ ఎసిటమినోఫెన్, సాల్బుటమాల్ ఆల్బుటెరాల్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, పెథిడిన్ మెపెరిడిన్. ఒక చిన్న కాగితం మీద రాసి అద్దం పక్కన అతికించుకుంటే వారంలో అయిపోయే పని.

గల్ఫ్ దారి గురించి కూడా ఒక మాట. ఈ జిల్లాల నుంచి గల్ఫ్‌కు రాకపోకలు ఎక్కువ. నర్సుల్లో కొందరు ముందు అక్కడి లైసెన్సుకు పెట్టే ప్రోమెట్రిక్ పరీక్ష రాసి వెళ్లి, అక్కడి నుంచే ఎన్‌క్లెక్స్‌కు చదువుతారు. ఆ పరీక్షకు పాత ప్రశ్నలు, అంటే 'రీకాల్స్', ఫోన్లలో తిరుగుతుంటాయి. వాటితో గట్టెక్కినవాళ్లు ఇక్కడా అవే వెతుకుతారు. మనిషి మనిషికీ ప్రశ్నలు మార్చుకుంటూ పోయే పరీక్షలో పాత ప్రశ్నలు దాదాపు పనికిరావు. పైగా ప్రశ్నలు బయటపెట్టబోమని సంతకం పెట్టి రాసే పరీక్ష ఇది. బయటపెడితే ఫలితమే రద్దు చేయొచ్చు.

2023 ఏప్రిల్‌లో పరీక్ష మారిన సంగతి తెలియకుండా పాత సలహాలతో వెళ్లేవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు ఒక పేషెంటు కేసు ఇచ్చి ఆరు ప్రశ్నలు వరసగా అడుగుతారు: ఏది గమనించావు, దాని అర్థమేమిటి, ఏది ముందు, ఏం చేయొచ్చు, ఏం చేస్తావు, పని చేసిందా. లెక్కలోకి వచ్చే ఇలాంటి కేసులు మూడు, అంటే 18 ప్రశ్నలు. "వర్తించేవన్నీ ఎంచుకో" ప్రశ్నల్లో ఇదివరకు ఒక్కటి తప్పినా సున్నా. ఇప్పుడు సరైనదానికి ఒకటి కలుపుతారు, తప్పుగా ఎంచినదానికి ఒకటి తీసేస్తారు, సున్నాకన్నా కిందకు పోనివ్వరు. కాబట్టి "ఎందుకైనా మంచిదని అన్నీ నొక్కేయ్" అన్న పాత చిట్కా ఇప్పుడు చేతిలో ఉన్నది కూడా పోగొడుతుంది.

ఒక కాగితం, ఒక నోటుబుక్

తప్పినవాళ్లకు మాత్రమే వచ్చే కాగితం ఒకటుంది. పాసైనవాళ్లకు ఇవ్వరు. క్యాండిడేట్ పెర్ఫార్మెన్స్ రిపోర్ట్ అంటారు. ఒక్కో విభాగంలో పాస్ గీతకు పైన ఉన్నారా, దగ్గర్లో ఉన్నారా, కింద ఉన్నారా అని ఉంటుంది. "ఎన్ని మార్కుల్లో" అన్న ప్రశ్నకు దొరికే జవాబు ఇంతే. చాలామంది ఈ కాగితాన్ని చూడలేక మెయిల్‌లోనే వదిలేస్తారు. చూడాల్సింది అదే. ఇంట్లో చెప్పడానికి కూడా అదే పనికొస్తుంది. అయిదు విభాగాల్లో 'దగ్గర్లో' అని ఉన్న కాగితాన్ని, లంకలో ముప్ఫై వరదలు చూసిన తండ్రి ముందు పెట్టి స్కేలు పోలిక చెబితే, పదిసార్లు "బాగానే రాశాను నాన్నా" అన్నదానికన్నా తొందరగా అర్థమవుతుంది.

'కింద' అని వచ్చిన విభాగాలు రెండో మూడో ఉంటే చదువు వాటి నుంచి మొదలవ్వాలి. అన్నీ 'దగ్గర్లో' అని వస్తే లోపం విషయంలో కాకపోవచ్చు, నిర్ణయం తీసుకునే తీరులో ఉండొచ్చు. అప్పుడు పుస్తకం కన్నా తప్పుల నోటుబుక్ ఎక్కువ పని చేస్తుంది. క్వశ్చన్ బ్యాంకులో రోజుకు 50 ప్రశ్నలు చేసి శాతం చూసుకుని మూసేయడం అందరూ చేసేదే. అక్కడితో ఆగితే మార్పేమీ రాదు. తప్పిన ప్రతి ప్రశ్న పక్కన కారణం ఒక్క మాటలో రాయాలి: 'తెలియదు', 'సరిగ్గా చదవలేదు', 'మార్చాను', 'వార్డు'. మార్చాను అంటే ముందు సరిగ్గా పెట్టి తర్వాత భయపడి మార్చినది. వార్డు అంటే తెలిసి కూడా మన ఆసుపత్రి అలవాటుతో పెట్టినది. రెండు వారాలకు ఆ మాటలు లెక్కపెడితే సంగతి బయటపడుతుంది. 'తెలియదు' 40 ఉండి 'వార్డు' 5 ఉంటే పుస్తకం తీయాలి. 'వార్డు', 'మార్చాను' కలిపి సగం దాటితే ఎన్ని పుస్తకాలు తీసినా లాభం లేదు.

ఒక పేజీ ఇలా ఉంటుంది అనుకుందాం. ప్రశ్న: స్పైరోనోలాక్టోన్ (ఒంట్లో నీరు తీసే మందు) వాడుతున్న పేషెంటు చెప్పిన ఏ మాటకు నర్సు మళ్లీ వివరించాలి? ఆప్షన్లలో ఒకటి, ఉప్పు మానేసి దానికి బదులు దొరికే సాల్ట్ సబ్‌స్టిట్యూట్ వాడుతున్నానని. తప్పు పెట్టారు. కారణం: తెలియదు. కింద తన మాటల్లో రాసుకోవాలి: 'ఈ మందు పొటాషియంను ఒంట్లో నిలుపుతుంది. సాల్ట్ సబ్‌స్టిట్యూట్ అంటే ఎక్కువగా పొటాషియం క్లోరైడే. రెండూ కలిస్తే గుండె లయ తప్పుతుంది. ఫ్యూరోసెమైడ్ దీనికి ఎదురు, పొటాషియంను బయటకు పంపుతుంది, వాళ్లకు అరటిపండు తినమనొచ్చు.' పరీక్షలో పొటాషియం అంటే అరటిపండు, కమలాపండు, బంగాళాదుంప. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టూ, రావులపాలెం అరటి మార్కెట్టూ ఉన్న సీమలో పెరిగిన అమ్మాయికి ఈ పాఠం ఇంకా తేలిక: కిడ్నీ జబ్బుతో పొటాషియం పెరిగిన మనిషికి కొబ్బరి బొండం ఎందుకు ఇవ్వొద్దంటారో ఇంటి దగ్గర వినే ఉంటుంది. తెలిసిన బొండానికి ముడేసిన సంగతి ఎక్కడికీ పోదు.

తప్పిన తర్వాత మళ్లీ రాయడానికి కనీసం 45 రోజులు ఆగాలి, ఏడాదికి ఎనిమిది సార్లకు మించి కుదరదు. ఈ 45ను చాలామంది గడువులా చూస్తారు, 46వ రోజుకే తేదీ దొరుకుతుందా అని వెతుకుతారు. అది కనీసం ఆగాల్సిన కాలం మాత్రమే. రిపోర్టు చేతికి రావడానికే కొన్నాళ్లు పడుతుంది. నైట్ డ్యూటీలు చేస్తూ చదివేవాళ్లకు మూడు నాలుగు నెలలు పడితే అది సోమరితనం కాదు. రాత్రంతా మేల్కొని, ఇంటికొచ్చి నిద్ర మానుకుని చదివింది బుర్రలో నిలవదు. నేర్చుకున్నదాన్ని గట్టి పరిచేది నిద్రే. డ్యూటీ చార్టులో నైట్లు పడిన వారం ప్రశ్నలు మానేసి, డే డ్యూటీల్లో రెట్టింపు చేసుకోవడం మేలు.

బంగారం, సంక్రాంతి, నిద్ర

ఒక్క అటెంప్ట్‌కు ఖర్చెంత? రిజిస్ట్రేషన్ ఫీజు 200 డాలర్లు, అమెరికా బయట రాస్తే ఇంకో 150 డాలర్లు, పైన పన్ను. పరీక్షకే 30 వేల రూపాయలకు తక్కువ కాదు. కోచింగు, సర్టిఫికెట్ల పరిశీలన, హైదరాబాద్ ప్రయాణం వేరు. చిన్న ఆసుపత్రి స్టాఫ్ నర్సుకు ఇది నెల జీతం దాటిన మాట. అందుకే చాలా ఇళ్లలో ఈ ఫీజు అమ్మ నల్లపూసల మీదో, అన్నయ్య కువైట్ నుంచి పంపిన డబ్బులోంచో వస్తుంది. పరీక్ష తప్పిన బాధ మీద తాకట్టు వడ్డీ కూడా కూర్చుంటుంది. మూడో అటెంప్ట్‌లో చేయి వణికేది ప్రశ్నను చూసి కాదు, ఆ నల్లపూసలు గుర్తొచ్చి. అందుకే తర్వాతి ఫీజు ఎక్కడి నుంచి వస్తుందో ఇంట్లో ముందే తేల్చుకోవడం కూడా ప్రిపరేషన్ కిందే లెక్క. ఎవరి నగా కదల్చకుండా ఆరు నెలలు కూడబెట్టి రాస్తే, తాకట్టు పెట్టి రెండు నెలల్లో రాసినదానికన్నా మనసు నెమ్మదిగా ఉంటుంది.

ఇక సంక్రాంతి. దుబాయ్ నుంచి, డల్లాస్ నుంచి చుట్టాలు దిగుతారు. అరిసెలు తింటూ "ఏమ్మా, ఎప్పుడు ఎగురుతున్నావు?" అంటారు. అడిగేవాళ్లలో చెడుబుద్ధి ఏమీ ఉండదు, కొబ్బరి ధర అడిగినంత మామూలుగా అడుగుతారు. జవాబు చెప్పాల్సిన అమ్మాయి మాత్రం వంటింట్లోంచి బయటకు రాదు. పెళ్లి సంబంధం 'అమెరికా వెళ్లే నర్సు' అని చెప్పుకుని కుదిర్చి ఉంటే ఆ బరువు మరీ ఎక్కువ. కొందరు ఇవన్నీ తప్పించుకోవడానికి పరీక్ష రాస్తున్నట్టే ఎవరికీ చెప్పరు. ఊరందరికీ చెప్పకపోవడం మంచి పనే. తేదీ తెలిసినవాళ్లు ఎంత తక్కువుంటే ఫలితం అడిగేవాళ్లు అంత తక్కువ. ఇంట్లో ఒక్కరికి కూడా చెప్పకపోవడం మాత్రం మనిషిని లోపల్నుంచి తినేస్తుంది. తప్పిన రాత్రి ఫోన్ చేసి ఏడవడానికి ఒక మనిషి ఉండాలి.

తప్పిన మొదటి పది రోజులు పుస్తకం ముట్టకపోయినా నష్టం లేదు. అప్పుడు చదివేది పంతంతో చదివేది, నిలవదు. బాధ పది రోజుల్లో తీరాలని రూలేమీ లేదు. అయితే రెండు మూడు వారాలు దాటినా నిద్ర పట్టక, అన్నం సయించక, డ్యూటీలో మందుల డోసు రెండుసార్లు చూసుకున్నా చేతి మీద నమ్మకం లేక, "ఇక నేనెందుకు" అన్న ఆలోచన వస్తుంటే అది పరీక్ష టెన్షన్ దాటిపోయింది. పేషెంటులో ఈ లక్షణాలు చూస్తే చార్టులో రాసి రిపోర్ట్ చేసే నర్సులు తమ విషయంలో మాత్రం సర్దుకుపోతారు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్, 14416 నంబరు ఉచితం, ఏ వేళలోనైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఎన్నిసార్లు, ఎంతవరకు

ఎన్నిసార్లు రాయొచ్చన్నది దరఖాస్తు చేసిన రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. న్యూయార్క్‌లో అటెంప్ట్‌లకు పరిమితి లేదు. ఫ్లోరిడాలో మూడుసార్లు తప్పితే బోర్డు ఒప్పుకున్న రెమెడియల్ కోర్సు చేయాలి. ఏజెంటు ఏ రాష్ట్రం పెట్టాడో తెలియకుండా సంతకం చేసినవాళ్లు మూడోసారి తర్వాత తెలుసుకుని తల పట్టుకుంటారు. ఇది మొదటి రోజే చూసుకోవాల్సిన సంగతి.

తొందర గురించి కూడా ఒక లెక్క ఉంది. పాసైన మర్నాడు విమానం ఎక్కేది లేదు. నర్సులు ఎక్కువగా వెళ్లే ఈబీ-3 అనే ఉద్యోగ గ్రీన్‌కార్డు వరసలో భారతీయులకు నిరీక్షణ పదేళ్లు దాటింది. సాధారణంగా పాసయ్యాకే ఆ వరసలో పేరు పడుతుంది కాబట్టి ఆలస్యానికి ఖరీదు లేదని కాదు. కానీ పదేళ్ల వరసలో మూడు నెలలు ఏ పాటి? ఆ మూడు నెలలు మిగిల్చుకోవాలని సగం సిద్ధమై వెళ్లి ఇంకోసారి తప్పితే, పోయేది మూడు నెలలకన్నా ఎక్కువే.

నాలుగైదుసార్లు తప్పి, రిపోర్టులో 'కింద' అన్న మాట కదలకుండా ఉంటే దారి మార్చడం ఓడిపోవడం కింద రాదు. జర్మనీకి ముందు భాష కావాలి, యూకేకు కంప్యూటర్ పరీక్షతో పాటు చేతులతో చేసి చూపించే పరీక్ష ఉంటుంది. రాయడంలో తడబడి చేతి పనిలో గట్టిగా ఉన్నవాళ్లకు రెండోది నప్పొచ్చు. ఎయిమ్స్ సంస్థల్లో నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాలకు 2020 నుంచి నార్‌సెట్ అనే ఉమ్మడి పరీక్ష జరుగుతోంది. ఎన్‌క్లెక్స్‌కు చదివింది అక్కడ వృథా పోదు. గుంటూరు పక్కన మంగళగిరిలోనే ఎయిమ్స్ ఉంది, అక్కడ పనిచేస్తూ నెలకోసారి ఇంటికొచ్చి పోవచ్చు. 'అమెరికా వెళ్లలేకపోయింది' అనే మాట ఊళ్లో ఒక ఏడాది నడుస్తుంది. జీతం నెలనెలా పడుతుంటే ఆ మాట అనేవాళ్లే తమ పిల్లలకు నోటిఫికేషన్ ఎప్పుడని అడగడానికి వస్తారు.

మళ్లీ రాయాలనే తేల్చుకున్నవాళ్లకు తేదీ విషయంలో ఒక జాగ్రత్త. జులై, ఆగస్టుల్లో గోదావరి, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు ఈ సీమను ఎప్పుడు ఆపేస్తాయో చెప్పలేం. లంకలకు ఒకసారి పడవలు ఆగాక హాల్ టైము ఎవరి కోసమూ ఆగదు. కోటిపల్లి నుంచి నరసాపురానికి వేయాల్సిన రైలు మార్గం ఇంకా పూర్తికాలేదు, అమలాపురానికి రైలు లేదు. రాత్రి బస్సెక్కి తెల్లారి హైదరాబాద్‌లో దిగి, మొహం కడుక్కుని నేరుగా సెంటరుకు వెళ్లినవాళ్లు ఎందరో. అయిదు గంటల పరీక్షకు అది సరిపడని నిద్ర. రాజమండ్రి వెళ్లి రైలెక్కినా, బస్సే ఎక్కినా ఒక రోజు ముందు చేరాలి. చేరిన సాయంత్రం సెంటరు దాకా ఒకసారి వెళ్లి మెట్లు చూసి రావాలి. పాస్‌పోర్టులో పేరు, దరఖాస్తులో పేరు అక్షరం అక్షరం ఒకటేనా అని చూసుకోవాలి. ఇంటిపేరు ముందుకూ వెనక్కూ మారడం మన తెలుగువాళ్లకు మామూలే, అక్కడ దానికే వెనక్కి పంపేస్తారు. లోపలికి పోయేటప్పుడు అరచేయి స్కాన్ చేస్తారు, గోరింటాకు పెట్టుకోకుండా ఉంటేనే నయం. మధ్యలో రెండుసార్లు విరామం తీసుకోమని తెర మీద వస్తుంది, గడియారం మాత్రం ఆగదు. మొదటి విరామంలో బయటకొచ్చి రెండు గుక్కల నీళ్లు తాగి, రెండు నిమిషాలు నిలబడి, లోపలికి వెళ్లాలి. అప్పటిదాకా వచ్చిన ప్రశ్నల్లో ఏది తప్పిందా అని లెక్కపెట్టుకుంటూ నిలబడితే ఆ రెండు నిమిషాలు కూడా పోయినట్టే.